పటాట్ తెచ్చిన బాతులు

ఆరో బాతు నీళ్ళలో పడగానే క్లెలీ తుపాకి మడిచి తూటాలు తీసేసింది. చట్టం ప్రకారం మనిషికి రోజుకి ఆరు. అంతకు మించి ఒక్కటి కూడా ఉండకూడదు. పటాట్ ఆ ఆరోదాన్ని తెచ్చి ఇచ్చాక ఆమె దోనె దిగి, తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లతో బురదలో నిలబడి, అసలు బాతులను కిందికి రప్పించడానికి నీటి మీద వదిలిన బొమ్మ బాతులను ఏరడం మొదలుపెట్టింది. ఒక్కొక్క బొమ్మనూ ఎత్తి, నీళ్ళు దులిపి, దాని తాడు మెడకి చుట్టి సంచిలో వేయాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

పటాట్ కుక్క. వాళ్ళ భాషలో పటాట్ అంటే చిలగడదుంప; ఉడికించిన దుంప రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. క్లెలీ మొగుడు ఒవీద్ దాన్ని కూనగా తెచ్చి పని నేర్పాడు. అతను నేర్పిన పద్ధతి ఒకటుంది. వేటగాడు కూర్చున్నంతసేపూ అతను చెబితే తప్ప కుక్క కదలకూడదు. వేటగాడు లేచి నిలబడ్డాడంటే కాల్పులు అయిపోయినట్టు. అప్పుడు వెళ్ళి, చుట్టుపక్కల పడినవన్నీ వెతికి తెచ్చి, నిలబడి ఉన్న మనిషి చేతికే ఇవ్వాలి. కూర్చున్నవాళ్ళకి ఇవ్వకూడదు. ఎవరు కొట్టారన్నది కుక్కకి అనవసరం.

రెల్లు దిబ్బకి అవతల, పట్నం నుంచి సరదాగా వేటకి వచ్చేవాళ్ళ క్యాంపు తాలూకు, నక్కి కూర్చుని కాల్చే మాటులోంచి ఇంకా పేలుళ్ళు వినబడుతూనే ఉన్నాయి. వరసగా మూడు, కాసేపాగి మళ్ళీ మూడు. క్లెలీ తల ఎత్తకుండానే వాటిని వింది. కొట్టడం రానివాళ్ళు కొడితే చప్పుడు అలాగే ఉంటుంది.

పటాట్ చెవులు రిక్కించింది. యజమానురాలు నిలబడి ఉంది. అవతల ఏదో పడింది. అది నీళ్ళలోకి దూకి రెల్లులో మాయమైంది.

"ఏయ్, ఇటు రా" అంది క్లెలీ. అది రాలేదు. వచ్చేసరికి దాని నోట్లో బూడిద బాతు ఉంది. ప్రాణంతోనే ఉంది, ఒక రెక్క విరిగి వేలాడుతోంది. పటాట్ ఆమె ముందు కూర్చుని మూతి పైకెత్తింది. క్లెలీ ఆ బాతును అందుకుని, ఆలోచించకుండానే మెడ విరిచింది. విలవిల్లాడుతున్న దాన్ని పట్టుకుని ఆలోచించేది ఏముంటుంది? ఆమె దాన్ని దోనెలో పెట్టేలోపే పటాట్ మళ్ళీ వెళ్ళి రెండోదాన్ని తెచ్చింది.

వేట వార్డెన్ పడవ వచ్చింది సరిగ్గా అప్పుడే.

ట్రెంట్ అనే ఈ కుర్రాడు ఎగువ ఊళ్ళ నుంచి బదిలీ మీద ఈ చిత్తడి నేలల్లోకి వచ్చి ఏడాది కాలేదు. మర్యాద తెలిసినవాడు. పడవ ఆపగానే టోపీ తీశాడు. అదే క్లెలీకి మరింత చిరాకు తెప్పించింది. మర్యాద లేనివాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

"ఎన్ని పడ్డాయి క్లెలీ గారూ?"

"ఆరు."

అతను దోనెలోకి వంగి లెక్కపెట్టాడు. "ఎనిమిది ఉన్నాయండీ."

"నేను కొట్టినవి ఆరే బాబూ. ఆ రెండూ కుక్క తెచ్చింది."

"ఎవరి కుక్క?"

"మా ఆయనది."

అతను నవ్వు దాచుకున్నాడు. "మరి ఇవి కొట్టిందెవరు?"

"వింటున్నావుగా, ఆ మోగించేవాళ్ళు. పొద్దుట్నించీ మోగిస్తూనే ఉన్నారు."

"వాళ్ళు కొట్టడం మీరు చూశారా?"

"మధ్యలో రెల్లు ఉందిగా, ఎలా చూస్తాను?"

అతను బూడిద బాతును ఎత్తి దాని మెడను వేలితో అటూ ఇటూ ఊపాడు. "ప్రాణంతో తెచ్చిందా?"

"ఆఁ."

"మెడ విరిచింది ఎవరు?"

"నేనే."

"అయితే మీదే లెక్క అండీ. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే. రూలు నేను రాయలేదు." అతను చీటీ పుస్తకం మోకాలి మీద పెట్టుకుని నెమ్మదిగా, గుండ్రంగా రాశాడు. రెండు బాతులనూ తన పడవలో వేసుకున్నాడు. "ఈ సీజన్లో ఇంకోసారి ఇలా దొరికితే లైసెన్సు పోతుంది. మూడేళ్ళు తుపాకి పట్టడానికి ఉండదు. కాస్త చూసుకోండి."

"నేను చూసుకుంటాను. దానికి ఎవరు చెబుతారు?" అంది క్లెలీ. పటాట్ ఇద్దరి మధ్యా కూర్చుని, మెచ్చుకుంటారేమోనని ఒకరి తర్వాత ఒకరి మొహం చూస్తోంది.

*

మర్నాడు, శనివారం, క్లెలీ కుక్కను వరండా స్తంభానికి కట్టేసి ఒక్కతే వెళ్ళింది.

రొయ్యల పడవ మీద వలను పైకి లాగే వించి గొలుసు తెగి తగిలినప్పటి నుంచీ ఒవీద్ నడుము వంగడం లేదు. దోనె ఎక్కడం డాక్టరు మానిపించాడు. కాబట్టి ఈ శీతాకాలం ఇంట్లోకి మాంసం రావాలంటే క్లెలీ తుపాకే దిక్కు. లైసెన్సు పోతే ఫ్రీజరులో ఐసు తప్ప ఏమీ ఉండదు. దారి పొడవునా గెడ వేస్తూ ఆమె ఆ ఫ్రీజరు అడుగునే తలుచుకుంది.

మొదటి గుంపులోనే రెండు పడ్డాయి. రెండూ రెల్లులో పడ్డాయి. ఆమె దోనె దిగి, పడినచోటు మీంచి చూపు తిప్పకుండా నడిచింది. రెల్లు చేతులను కోసింది. అడుగు కింద నేల లేదు, ఉన్నదంతా మెత్తటి బురద. ఎంత వెతికినా ఒక బాతు తాలూకు రెండు ఈకలు మాత్రం నీటి మీద కనబడ్డాయి. వెనక్కి తిరిగేసరికి ఎడమ బూటు బురదలో ఇరుక్కుపోయింది. లాగితే కాలు వచ్చింది గానీ బూటు రాలేదు. దాన్ని రెండు చేతులతో తవ్వి తీసుకుంది.

కొట్టి, వెతక్కుండా వదిలేయడం కూడా నేరమే. అది కూడా చట్టంలో రాసే ఉంది. క్లెలీ ఆ రెండింటి కోసం పొద్దు నెత్తి మీదకి వచ్చేదాకా వెతికింది. మూడోదాన్ని చక్కగా నీటి మీద కొట్టింది కాబట్టి అదొక్కటి దొరికింది. అవతల క్యాంపు మాటులో మాత్రం ఎవరూ దిగిన చప్పుడు లేదు. పేలుళ్ళు, నవ్వులు, మళ్ళీ పేలుళ్ళు.

ఇంటికి వచ్చేసరికి ఒవీద్ వరండాలో చెక్క బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్కన ఎవరివో రెండు కాఫీ గిన్నెలు ఉన్నాయి.

"ఇవెవరివి?"

"పక్కింటివాళ్ళవి. పటాట్ గాడు పొద్దుట్నించీ ఏడుస్తూనే ఉన్నాడు. ఇంట్లో నేను పోయాననుకుని కాఫీ పట్టుకొచ్చారు పాపం. నన్ను చూసి కాస్త నిరాశపడ్డారు కూడా."

క్లెలీ నవ్వలేదు. ఒంటరి బాతును మెట్టు మీద పడేసి, కూర్చుని, బూట్లోంచి బురద కుమ్మరించింది.

"ఒకటేనా?" అన్నాడు ఒవీద్.

"మూడు కొట్టాను. రెండు పోయాయి."

"చెప్పానా, వాడు లేకుండా వెళ్ళొద్దని."

"ఉంటే ఎనిమిది. లేకపోతే ఒకటి. ఆరు రావాలంటే ఏం చెయ్యాలో నువ్వే చెప్పు."

"వాడి తప్పేముంది? పడింది తెచ్చాడు. నిలబడ్డవాళ్ళకి ఇచ్చాడు. అంతకన్నా న్యాయంగా ఈ చిత్తడిలో ఎవరున్నారు?"

"నువ్వు కోర్టుకి వచ్చి ఆ మాట చెప్పు, ఆ బల్లతో సహా" అంది క్లెలీ.

మధ్యాహ్నం ఆమె పట్నం వాళ్ళ క్యాంపుకి వెళ్ళింది. ఎత్తైన కర్రల మీద కట్టిన ఆ ఇంటి కింద, పెద్ద రేకు బల్ల దగ్గర అల్సీద్ బాతుల ఈకలు పీకుతున్నాడు. ఒవీద్ చిన్నాన్న కొడుకు. పట్నం నుంచి వచ్చే అతిథులను మాటుకి తీసుకెళ్ళి, బాతులను పిలిచి, తిరిగి తీసుకురావడం అతని ఉద్యోగం.

"ఏం వదినా, దారి తప్పావా?"

"నీ అతిథులు కొట్టి వదిలేసిన బాతులకి జరిమానా నాకు వేస్తున్నారు అల్సీద్."

"విన్నాను, విన్నాను." అతను చేతులకి అంటిన ఈకలు దులుపుకుంటూ నవ్వాడు. "ఒవీద్ అన్న కుక్కకి చదువు ఎక్కువైంది."

"మీకు కుక్క లేదా?"

అల్సీద్ గడ్డంతో పైకి చూపించాడు. మెట్ల మీద, దుప్పటి ముక్క మీద, లావాటి నల్ల కుక్క ఒకటి పడుకుని ఉంది. "అదిగో. హ్యూస్టన్ నుంచి తెప్పించారు. చన్నీళ్ళు పడవు దానికి. ముత్తాతల దాకా పేర్లు రాసిన కాగితం ఉందంట. నాకే లేదు అలాంటిది."

"రెల్లులో పడినవాటి కోసం నువ్వైనా దిగొచ్చుగా."

"మాటులోంచి కాస్త తొంగి చూస్తాను. కనబడవు. వాళ్ళు ఇంకోటి కొడతారు." అల్సీద్ మరో బాతు అందుకున్నాడు. "అసలు సంగతి చెప్పనా? చేతికి రానిది లెక్కలోకి రాదు వదినా. వాళ్ళు వచ్చింది బాతు మాంసం తిని బతకడానికి కాదు. పొద్దెక్కేదాకా పేల్చుకోవాలి. ఆరూ తొందరగా చేతికొస్తే తుపాకి దించాలి, ఇక రోజంతా పేకాట తప్ప ఏముంది? పోయినవి పోతేనే వాళ్ళకి సరదా."

"చేతికి వస్తే?"

"వస్తే లెక్కే. ఎవడు తెస్తాడు?" అని, తన మాటకి తనే నవ్వుకుని, గొంతు తగ్గించాడు. "పోనీ ఆ కుక్కని మా ఓనరుకి అమ్మేయండి. రెండుసార్లు అడిగాడు. మీకు గొడవ వదిలిపోతుంది."

"కుక్క నాది కాదు" అంది క్లెలీ. రేకు బల్ల మీది బాతులను ఒకసారి చూసింది. మనిషికి ఆరు చొప్పున, ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. అన్నీ రూలు ప్రకారమే ఉన్నాయి.

ఆ సాయంత్రం చర్చిలో పూజకి వెళ్ళినప్పుడు ఫాదరు ఏం చెప్పాడో ఆమెకి ఒక్క ముక్క తలకెక్కలేదు. వేట రోజుల్లో ఊళ్ళో సగం మంది ఆదివారం పూజ శనివారమే కానిచ్చేస్తారు. ముందు వరసలో ట్రెంట్ తల వంచుకుని మోకరిల్లి ఉన్నాడు. ఆమె అతని మెడనే చూస్తూ కూర్చుంది.

*

ఆదివారం చీకటితోనే లేచి కాఫీ కాచింది. బూట్లు వేసుకుంది. పటాట్ తాడు విప్పింది. గెడ భుజాన వేసుకుని బయలుదేరబోతుంటే ఒవీద్ బల్ల మీంచే అన్నాడు.

"తుపాకి మర్చిపోయావు."

గోడ మీద మేకులకి తుపాకి అలాగే వేలాడుతోంది.

"మర్చిపోలేదు."

"తుపాకి లేకుండా ఏం చేస్తావు అక్కడ?"

"నిలబడతాను" అంది క్లెలీ.

ఒవీద్ కాసేపు కప్పు వైపు చూశాడు. ఆ తర్వాత నడుము నొప్పిని లెక్కచేయకుండా నవ్వడం మొదలుపెట్టాడు. ఆమె మెట్లు దిగేదాకా ఆ నవ్వు వినబడుతూనే ఉంది.

ఆమె క్యాంపు మాటుకి దూరంగా, తూటాల దారికి పక్కగా, రెల్లు అంచున దోనె ఆపింది. గెడ బురదలో దింపి, దాన్ని పట్టుకుని దోనెలో నిలబడింది. తెల్లవారింది. బాతులు వచ్చాయి. మాటులోంచి అల్సీద్ పిలుపు గొట్టం మంచి ఆడబాతు గొంతుతో పలికింది. పేలుళ్ళు మొదలయ్యాయి. రెండు బాతులు గుంపులోంచి విడిపోయి వంకరగా, రెల్లు మీదకి జారుతూ పడ్డాయి. మాటులో ఎవరో "అబ్బ, పోయింది" అన్నారు. ఎవరూ దిగలేదు.

పటాట్ ఆమె మొహం చూసింది. ఆమె నిలబడే ఉంది. అది దూకింది.

మొదటిదాన్ని తేగానే క్లెలీ దాన్ని దోనెలో పెట్టుకోలేదు. మెడ కూడా విరవలేదు. కాళ్ళు పట్టుకుని, ఒంటి చేత్తో గెడ వేస్తూ, తిన్నగా మాటు దగ్గరికి వెళ్ళి వాళ్ళ ముందున్న చెక్క మీద పెట్టింది.

"ఇది మీదండీ. అక్కడ పడింది."

మాటులో అల్సీద్‌తో పాటు ఇద్దరు ఉన్నారు. ఒకాయన పెద్దవాడు, తెల్లటి మీసాలు, పళ్ళ డాక్టరట. రెండోవాడు ఆయన అల్లుడు. అల్లుడు సంతోషంతో చేతులు చరిచాడు. "చూశారా మామయ్యా, సర్వీసంటే ఇదీ. ఇంటికి తెచ్చిస్తున్నారు." పెద్దాయన ఫ్లాస్కులోంచి ఆమెకి కాఫీ పోసి ఇచ్చాడు. అల్సీద్ ఆ బాతు మెడ విరిచి పక్కన పెట్టి, క్లెలీ వైపు ఒకసారి అనుమానంగా చూశాడు.

"ఏంటి వదినా ఇది?"

"నీ పని కాస్త తగ్గిద్దామని."

రెండోది తెచ్చింది. మూడోది తెచ్చింది. పటాట్‌కి ఇంత ఆనందమైన పొద్దు ఎప్పుడూ దొరకలేదు. తోక నీళ్ళ మీద చెళ్ళుచెళ్ళున కొడుతూ రెల్లులోకి వెళ్తోంది, వస్తోంది. ఒకటి చచ్చినది, ఒకటి బతికున్నది. నిన్న పడి, ఎక్కడో నక్కి, రాత్రంతా బతికిన ఒకదాన్ని కూడా తెచ్చింది. క్లెలీ ప్రతిసారీ అదే మాట అంటూ చెక్క మీద పెట్టింది. "ఇది మీదండీ."

అల్సీద్ నవ్వడం మానేశాడు. బాతులను రెండు వరసలుగా పేర్చి వేలితో లెక్కపెడుతున్నాడు. "ఆరింటిలో ఈ వేసవి బాతు రకం మనిషికి ఒకటే సార్. రెండూ వచ్చేశాయి. ఇక వాటిని కొట్టకండి" అన్నాడు. ఇంకాసేపటికి, "బాబూ, మీరు ఆపండి, మీవి నిండాయి" అన్నాడు అల్లుడితో.

"నిండడమేమిటి? నేను సరిగ్గా మొదలే పెట్టలేదు."

"మొదలుపెట్టారు సార్. మీరు మొదలుపెట్టినవే ఇవన్నీ."

"నేను నాలుగే కొట్టాను."

"నాలుగు మీకు కనబడ్డాయి."

ఎండ ఇంకా రెల్లు మొదళ్ళకి దిగలేదు. చిత్తడి మీద మంచు అక్కడక్కడా పొగలా ఉంది. పెద్దాయన తన తుపాకి మడిచి తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు. చెక్క మీద వరసగా పడి ఉన్న బాతులను చాలాసేపు చూశాడు. నిన్నటి బాతు రెక్క మీద రక్తం ఎండి నల్లగా ఉంది. ఆయన దాన్ని వేలితో తాకాడు.

"నిన్న కూడా ఇలాగేనా?" అన్నాడు అల్సీద్‌తో. "మొన్న కూడా?"

అల్సీద్ పిలుపు గొట్టాన్ని చొక్కా లోపలికి వేసుకున్నాడు.

"అమ్మా, నా ఆరూ మీరు తీసుకుంటారా?" అన్నాడు పెద్దాయన.

"ఉత్తినే తీసుకుంటే నా మీద కేసవుతుంది. మీరు ఇచ్చినట్టు చీటీలు కట్టాలి. సంతకం పెట్టాలి" అంది క్లెలీ.

అల్సీద్ నిట్టూర్చి, డబ్బాలోంచి చీటీలు తీసిచ్చాడు. ఆయన ఒక్కొక్క చీటీ మీదా పేరు, ఊరు, తేదీ రాసి సంతకం పెట్టాడు. పళ్ళ డాక్టరు రాత అయినా చదవడానికి వచ్చేలా ఉంది.

*

రేవులో ట్రెంట్ గట్టు మీద నిలబడి ఉన్నాడు. అల్సీద్ పడవ ముందు వచ్చింది, దాని వెనకే క్లెలీ దోనె. అతను టోపీ తీశాడు.

"ఇంత తొందరగా అయిపోయిందా అల్సీద్?"

"అయిపోయింది" అన్నాడు అల్సీద్ ఇంజను దగ్గర కూర్చునే.

అల్లుడి బాతులు ఆరు. సరిపోయాయి. ట్రెంట్ దోనె వైపు వచ్చాడు. క్లెలీ అడుగున కూర్చుని, ఊడిపోయిన ఒక చీటీని బాతు కాలికి తిరిగి కడుతోంది.

"మీవి కూడా ఆరా క్లెలీ గారూ?"

"నావి సున్నా. ఇవి ఆయనవి. నాకు ఇచ్చారు. చీటీలు చూసుకో."

అతను వంగి ప్రతి చీటీనీ తిప్పి తిప్పి చదివాడు. "తుపాకి?"

"ఇంట్లో ఉంది."

"తుపాకి లేకుండా వెళ్ళారా?"

"నిలబడటానికి తుపాకి ఎందుకు?"

అతనికి అర్థం కాలేదు. పెద్దాయన మీసాల కింద ఏదో నవ్వుకున్నాడు. ఎవరూ గమనించకుండా పటాట్ దోనె అంచు మీంచి జారి నీళ్ళలో దిగింది. కాలువ అవతల, రెల్లు కింద, ఏదో కదిలింది. కాసేపు అక్కడ నీళ్ళు కలకలమన్నాయి. ఆ తర్వాత ఆ చిలగడదుంప రంగు తల ఇటు ఈదుకుంటూ వచ్చింది. నోట్లో వేసవి బాతు ఉంది. రెక్క విరిగింది, మెడ మాత్రం అటూ ఇటూ తిప్పుతోంది.

పటాట్ గట్టెక్కి ఒళ్ళు విదిలించుకుంది. అల్సీద్ ఇంజను దగ్గర కూర్చుని ఉన్నాడు. అతిథులిద్దరూ పడవ చెక్కల మీద కూర్చుని ఉన్నారు. క్లెలీ దోనెలో కూర్చుని ఉంది. రేవు మొత్తానికి నిలబడి ఉన్న మనిషి ఒక్కడే. పటాట్ తిన్నగా వెళ్ళి అతని బూట్ల ముందు కూర్చుని, మూతి పైకెత్తింది.

ట్రెంట్ ఎగువ ఊళ్ళవాడే అయినా బాతుల మధ్య పుట్టి పెరిగినవాడే. చెయ్యి దానంతటదే ముందుకు సాగి బాతును అందుకుంది. బాతు రెక్క ఒకసారి అతని మణికట్టు మీద కొట్టుకుంది. అతను మెడ విరిచాడు. అది అయ్యాక గానీ తను ఏం చేశాడో అతనికి తెలియలేదు.

రేవులో అందరూ అతన్నే చూస్తున్నారు. అతను అల్సీద్ పడవ వైపు ఒక అడుగు వేశాడు. అక్కడ నిండిపోయాయి. దోనె వైపు తిరిగాడు. క్లెలీ చీటీ ముడి బిగిస్తూ అతని చేతినే చూస్తోంది.

"ఇది నాది కాదు" అన్నాడు ట్రెంట్.

"శుక్రవారం నేనూ అదే అన్నాను బాబూ."

అతని చెవులు ఎర్రబడ్డాయి. బాతు కాళ్ళు పట్టుకుని, దాన్ని తన ఒంటికి కాస్త దూరంగా ఉంచి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. రెక్క కొస నుంచి నీటి చుక్కలు అతని బూటు మీద పడుతున్నాయి. ఆఖరికి రెండో చేత్తో జేబులోంచి చీటీ పుస్తకం తీసి, శుక్రవారం నాటి కాగితం వచ్చేదాకా బొటనవేలితో తిప్పాడు.

"ఆ రెండూ" అన్నాడు. "ఎటువైపు నుంచి తెచ్చిందన్నారు?"

క్లెలీ లేచి నిలబడింది. గెడ ఎత్తి, రెల్లు దిబ్బ వైపు చూపించింది.

ఆమె నిలబడటం చూసి పటాట్ మళ్ళీ నీళ్ళలోకి దూకింది.